పాత ఫోనులో డూమ్ ఆట నడచు విధము

బల్ల సొరుగులో వాడుకలేక పడియున్న పాత స్మార్ట్‌ఫోను ఈనాడు అనేక ఇండ్లలో కానవచ్చును. అది 2011, 2012 ప్రాంతమున కొన్నది అనుకొందము. దానిలో సెకనుకు 100 కోట్ల స్పందనలతో, అనగా 1 గిగాహెర్ట్జ్ వేగముతో పనిచేయు ప్రాసెసరు, 512 మెగాబైట్ల స్మృతి, అడ్డముగా 800, నిలువుగా 480 చుక్కలు గల తెర ఉండును. నేటి యాప్‌లలో చాలవరకు అందులో ఎక్కవు, ఎక్కినవి కదలవు. కాని అదే ఫోనులో 1993లో వెలువడిన డూమ్ అను తుపాకి ఆట తడబాటు లేకుండ నడచును.

దీనికి సామాన్యముగా చెప్పబడు కారణము ఒక్కటే: ఆట పాతది, ఫోను దానికన్న ఎంతో వేగము గలది. ఇది అబద్ధము కాదు. కాని సగము నిజము. ఆనాటి కంప్యూటరులోని డూమ్ ప్రోగ్రాము ఫైలును తెచ్చి ఉన్నదున్నట్లుగా ఫోనులో పెట్టినచో, అందులోని మొదటి ఆదేశము కూడ నడువదు. ఫోను వేగము పది రెట్లయినను, వేయి రెట్లయినను ఫలితము అదియే. అట్లయిన నడచుచున్నది ఏది? ఏ మార్గమున నడచుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో, ప్రోగ్రాము అనునది ఎన్ని పొరలుగా ఉండునో విద్యార్థికి చక్కగా బోధపడును.

లెక్క ఏమి చెప్పుచున్నది?

డూమ్‌ను అమెరికాలోని ఐడి సాఫ్ట్‌వేర్ అను చిన్న సంస్థ 1993 డిసెంబరు 10న విడుదల చేసెను. జాన్ కార్మాక్ దాని చిత్రణ యంత్రాంగమును వ్రాసెను. జాన్ రొమేరో మున్నగువారు దానిలోని మజిలీలను కూర్చిరి. ఆట ఆడుటకు ఇంటెల్ 386 ప్రాసెసరు, 4 మెగాబైట్ల స్మృతి గల కంప్యూటరు ఉండవలెనని ఆనాడు చెప్పబడినది. నిజమునకు 386 మీద అది కుంటుచునే నడచెడిది. తెర నిండుగ, సాఫీగా నడచుటకు 66 మెగాహెర్ట్జ్ 486 ప్రాసెసరు కావలసివచ్చెను.

ఆట తెరమీద అడ్డముగా 320, నిలువుగా 200, మొత్తము 64,000 చుక్కలు ఉండును. ఈ చుక్కలనే పిక్సెళ్లు అందురు. ఆనాటి వి.జి.ఎ. తెర సెకనుకు 70 సార్లు చిత్రమును మార్చుచుండగా, డూమ్ అందులో సగము, అనగా 35 సార్లు క్రొత్త చిత్రమును గీయును. కావున సెకనుకు గీయవలసిన చుక్కలు 22,40,000. 486 ప్రాసెసరుకు సెకనుకు 6 కోట్ల 60 లక్షల స్పందనలు. భాగించి చూచినచో ఒక్కొక్క చుక్కకు దొరకునవి సుమారు 29 స్పందనలు మాత్రమే. గోడ ఎంత దూరమున ఉన్నది, దానిమీది బొమ్మలో ఏ రంగు తీసికొనవలెను, వెలుతురు ఎంత, శత్రువు ఎటు కదలెను, చప్పుడు ఏది — ఇవన్నియు ఆ 29 స్పందనలలోనే ఇమిడిపోవలెను. పాత ఫోనులోనైతే ఒక్కొక్క చుక్కకు సుమారు 446 స్పందనలు లభించును. స్మృతి 128 రెట్లు ఎక్కువ. ఇంత మిగులు ఉన్నప్పుడు ఏ పద్ధతిలోనైనను ఆట నడచునని తోచును. అట్లు కాదని ముందు తెలియగలదు.

రెండు యంత్రభాషలు

ఇంటెల్ ప్రాసెసరులకు ఒక ఆదేశభాష, ఫోనులలోని ఆర్మ్ ప్రాసెసరులకు మరొక ఆదేశభాష కలవు. ఆర్మ్ ప్రాసెసరు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అను సంస్థయందు పుట్టెను. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ దాని రూపకర్తలు. మొదటి చిప్పు 1985లో చేతికి వచ్చెను. ఇంటెల్ ఆదేశములు కొన్ని ఒక బైటు, కొన్ని రెండు, కొన్ని పది బైట్లు మించి కూడ ఉండును. 32 బిట్ల ఆర్మ్ మూల ఆదేశము ప్రతిదియు సరిగా 4 బైట్లు. 

ప్రాసెసరులోని రెండు అరలలో గల సంఖ్యలను కూడి మొదటి అరలో ఉంచుమను పనిని తీసికొందము. ఇంటెల్ భాషలో ఇది 1, 216 అను రెండు బైట్లు. ఆర్మ్ భాషలో ఇదే పని 1, 0, 128, 224 అను నాలుగు బైట్లు. పని ఒక్కటే, వ్రాత వేరు. తెలుగు తప్ప మరియొక లిపి తెలియని వంటవానికి తమిళములో వ్రాసిన వంటల పుస్తకము ఇచ్చినచో, అతడు ఎంత చురుకైనవాడైనను పొయ్యి వెలిగించజాలడు. ఫోనుకు డూమ్ ప్రోగ్రాము ఫైలు అట్టిదే.

ఇక్కడ రెండు దారులు కలవు. ప్రక్కన ఒక దుబాసీని కూర్చుండబెట్టి పంక్తి పంక్తికి అర్థము చెప్పించుకొనుచు వండుట ఒకటి. పుస్తకము వ్రాసినవారి నుండి అసలు వంట విధానమును తీసికొని తెలుగులోనే తిరిగి వ్రాసికొనుట రెండవది. ఫోనులో పాత ఆటలు ఈ రెండు దారులలోను నడచుచున్నవి.

దుబాసీ పద్ధతి

మొదటి దారికి అనుకరణ అని పేరు. ఎమ్యులేషను అని వ్యవహారము. డాస్‌బాక్స్ అను ప్రోగ్రాము దీనికి ప్రసిద్ధ ఉదాహరణము. 2002లో మొదట వెలువడిన ఈ ప్రోగ్రాము, లేని ఇంటెల్ కంప్యూటరు ఒకటి ఉన్నట్లు నటించును. పాత ఆటలోని ఆదేశమును ఒకదానిని తీయును; అది ఎన్ని బైట్లదో, ఏమి చేయుమనుచున్నదో విప్పి చూచును; దానికి సరిపడు పనిని ఆర్మ్ ఆదేశములతో చేయును; ఫలితము సున్న అయినదా, చేతికి మిగిలినదా అను గుర్తులను ఇంటెల్ ప్రాసెసరు ఉంచుకొనునట్లే ఉంచును; తరువాతి ఆదేశమునకు పోవును. ప్రాసెసరును మాత్రమే అనుకరించిన చాలదు. వి.జి.ఎ. తెర కార్డు, సౌండ్ బ్లాస్టర్ ధ్వని కార్డు, కీబోర్డు, గడియారము — అన్నిటికిని ప్రతిబింబములు కావలెను.

దీని ఖర్చు ఎంతయో మోటుగా అంచనా వేయవచ్చును. 486 ప్రాసెసరు సెకనుకు 3 కోట్ల ఆదేశములు నడపుచున్నదనుకొందము. ఒక్కొక్కదానిని అనుకరించుటకు ఫోను 30 స్పందనలు వెచ్చించెనేని మొత్తము 90 కోట్లు. ఫోనుకు ఉన్నవే 100 కోట్లు! అందులోనే ఆండ్రాయిడ్ సొంత పనులు, తెర, ధ్వని జరుగవలెను. చుక్కకు 446 స్పందనల మిగులు ఎక్కడికో మాయమైనది. ఆట అడుగడుగునకు ఆగును, చప్పుడు గరగరలాడును, ఫోను వేడెక్కును. తరచుగా వచ్చు ఆదేశముల గుంపును ఒక్కసారి ఆర్మ్ భాషలోనికి మార్చి దాచుకొని, మరల వచ్చినప్పుడు దానినే వాడు తెలివైన దుబాసీలు కూడ కలరు. అప్పుడు ఖర్చు బాగుగా తగ్గును. కాని పూర్తిగా పోదు.

అనుకరణకు ఒక గొప్పతనము లేకపోలేదు. ఆట వ్రాసినవారి సహాయము ఏమియు అక్కరలేదు. ప్రోగ్రాము ఫైలు ఉన్న చాలును.

మూలపాఠము చేతికి వచ్చినప్పుడు

డూమ్‌ను ఎవరును మొదట యంత్రభాషలో వ్రాయలేదు. అది సి అను భాషలో వ్రాయబడినది. పైగా వ్రాసినది డాస్ కంప్యూటరుమీద కాదు. నెక్స్ట్‌స్టెప్ అను వేరొక వ్యవస్థ గల యంత్రములమీద వ్రాసి, పరీక్షించి, తరువాత డాస్‌కు మార్చిరి. కావున పుట్టుకతోనే ఆ ప్రోగ్రాము ఒక్క యంత్రమునకు కట్టుబడక ఉండెను. సి భాషలోని పాఠమును కంపైలరు అను ప్రోగ్రాము యంత్రభాషలోనికి మార్చును. కంపైలరు ఇంటెల్‌ది అయినచో 1, 216 వచ్చును. ఆర్మ్‌ది అయినచో 1, 0, 128, 224 వచ్చును. మార్పు ఆట నడచునప్పుడు కాక ముందే ఒక్కసారి జరిగిపోవును. నడచునప్పుడు దుబాసీ ఉండడు. చుక్కకు 446 స్పందనలును ఆటకే దక్కును.

ఈ మార్గమునకు కావలసినది మూలపాఠము. వ్యాపారసంస్థలు దానిని బయటపెట్టవు. ఐడి సంస్థ 1997 డిసెంబరు 23న డూమ్ మూలపాఠమును అందరికి ఇచ్చివేసెను. మొదట లాభాపేక్ష లేని పనులకు మాత్రమే అను షరతు ఉండెను, 1999లో జి.ఎన్.యు. సార్వజనిక లైసెన్సు క్రిందికి మార్చబడెను. దాని ప్రకారము ఎవరైనను మార్చవచ్చును, పంచవచ్చును. మార్చినదానిని పంచునప్పుడు దాని మూలపాఠమును కూడ ఈయవలెను. ఒక చిన్న చిక్కు వచ్చినది. డాస్ డూమ్‌లోని ధ్వనిభాగము ఇతరుల నుండి కొన్నది; దానిని పంచు హక్కు ఐడి సంస్థకు లేదు. అందువలన వెలువడినది డాస్ పాఠము కాదు, లినక్స్ వ్యవస్థకు మార్చిన పాఠము. ఒక విధముగా ఇది మేలే అయినది: క్రొత్త యంత్రమునకు మార్చువారికి ఒకసారి మార్చి చూపిన నమూనా దొరకెను.

ఆ మూలపాఠములో యంత్రముతో నేరుగా సంబంధము గల పనులు — తెర, ధ్వని, కాలము, మీటలు — ‘ఐ’ అను ఇంగ్లీషు అక్షరముతో మొదలగు పేర్లు గల కొద్ది ఫైళ్లలో విడిగా ఉంచబడినవి. గోడలు గీయుట, శత్రువులను కదల్చుట మొదలైనవి వేరు ఫైళ్లు. ఫోనుకు మార్చువాడు మొదటి జాతివానిని మాత్రము క్రొత్తగా వ్రాసి, మిగిలినవానిని ఇంచుమించు అట్లే ఉంచవచ్చును. పాఠశాలలో ప్రోగ్రాములు వ్రాయుట నేర్పు ఉపాధ్యాయులు విద్యార్థులకు చూపదగిన విభజన ఇది. గ్రంథములో చెప్పినప్పుడు శుష్కముగా తోచు సూత్రము ఇచ్చట ఒక ఆటకు ముప్పది యేండ్లు మించిన ఆయుస్సు నిచ్చినది.

ఆట వేరు, బొమ్మలు వేరు

మూలపాఠము ఉన్నను ఆట రాదు. గోడల బొమ్మలు, మజిలీల పటములు, చప్పుళ్లు, సంగీతము మూలపాఠములో లేవు. అవి వాడ్ అను వేరొక ఫైలులో ఉన్నవి. ప్రోగ్రాము నాటకసమాజము వంటిది. వాడ్ ఫైలు ఆ సమాజము ఆడు నాటకము వంటిది. సమాజము ఫోనుకు వచ్చినను నాటకములో ఒక్క అక్షరము మారనక్కరలేదు. 1990లలో డాస్ కంప్యూటరుకై ఇచ్చిన వాడ్ ఫైలునే ఉన్నదున్నట్లుగా నేడు ఫోనులో పెట్టుదురు.

మొదటి భాగము మాత్రము గల ఉచిత వాడ్ ఫైలును ఐడి సంస్థయే ఆనాడు స్వేచ్ఛగా పంచుకొనుడని విడుదల చేసెను. 1.9 సంచిక ఫైలు పరిమాణము 41,96,020 బైట్లు. దీని మొదటి 12 బైట్లు విప్పి చూచుట విద్యార్థులకు మంచి అభ్యాసము; ఆట ఆడనక్కరలేదు, బైట్లను సంఖ్యలుగా చూపు ఏ చిన్న యాప్ అయినను చాలును.

మొదటి నాలుగు బైట్లు ఐ, డబ్ల్యు, ఎ, డి అను అక్షరములు. తరువాతి నాలుగు బైట్లు 240, 4, 0, 0. ఇవి ఫైలులో ఎన్ని వస్తువులు ఉన్నవో చెప్పును. చిన్న స్థానము ముందు, పెద్ద స్థానము వెనుక వ్రాయు పద్ధతి ఇది; ఒక్కొక్క స్థానము విలువ ముందుదానికి 256 రెట్లు. కావున 240 + 4 × 256 = 1,264 వస్తువులు. చివరి నాలుగు బైట్లు 180, 183, 63, 0. అనగా 180 + 183 × 256 + 63 × 65,536 = 41,75,796. వస్తువుల పట్టిక ఫైలులో ఈ స్థానమున మొదలగును. పట్టికలో ఒక్కొక్క వస్తువునకు 16 బైట్లు: ఎక్కడ ఉన్నదో 4, ఎంత ఉన్నదో 4, పేరు 8. పట్టిక మొత్తము 1,264 × 16 = 20,224 బైట్లు. 41,75,796కు దీనిని కలిపినచో 41,96,020 — సరిగా ఫైలు పరిమాణమే!

చిన్న స్థానమును ముందు వ్రాయు ఈ పద్ధతి ఇంటెల్ యంత్రములది. ఆర్మ్ ప్రాసెసరు రెండు పద్ధతులలోను పనిచేయగలదు. ఆండ్రాయిడ్ ఫోనులలో ఇంటెల్ పద్ధతినే ఎన్నుకొనిరి. వేరు పద్ధతి ఎన్నుకొనియుండినచో 240, 4, 0, 0 అను బైట్లను యంత్రము 400 కోట్లకు పైబడిన సంఖ్యగా చదివియుండెడిది. ప్రతి సంఖ్యను తిరుగవేసికొనవలసి వచ్చెడిది.

దశాంశములు లేని గణితము

డూమ్ పాత ఫోనులలో ఇంత తేలికగా నడచుటకు దాని గణితము మరొక కారణము. 386 ప్రాసెసరుకు భిన్నసంఖ్యలను స్వయముగా గుణించు శక్తి లేదు. దానికై 387 అను వేరు చిప్పు కొనవలెను. అది అందరియొద్ద ఉండదు. కావున కార్మాక్ భిన్నములను కూడ పూర్ణసంఖ్యలుగనే ఉంచెను. ఒకటిని 65,536గా వ్రాయుట పద్ధతి. అప్పుడు ఒకటిన్నర 98,304. రెండున్నర 1,63,840 అగును. రెంటిని గుణించినచో 16,10,61,27,360 వచ్చును. దీనిని 65,536 చేత భాగించినచో 2,45,760. ఇది మూడుముప్పావుకు గుర్తు. రెండున్నర, ఒకటిన్నరల లబ్ధము అదే. 65,536 అనగా రెండు యొక్క 16వ ఘాతము గనుక భాగహారము నిజముగా చేయనక్కరలేదు. బిట్లను 16 స్థానములు కుడికి జరిపిన చాలును. దశాంశ బిందువును విస్మరించి పైసలలో లెక్క కట్టి, చివరకు రూపాయలుగా మార్చు కిరాణాకొట్టు లెక్క వంటిదే ఇది.

కోణముల విషయము ఇంకను సొగసైనది. డూమ్‌లో వృత్తమునకు 360 భాగములు కావు. రెండు యొక్క 32వ ఘాతము, అనగా 4,29,49,67,296 భాగములు. 32 బిట్ల అరలో పట్టు సంఖ్యలు సరిగా ఇన్నియే. ఆటగాడు గిరగిర తిరిగి పూర్తి చుట్టు దాటినప్పుడు అర నిండి పొరలి మరల సున్నకు వచ్చును. 360 దాటినదా అని పరీక్షింపనక్కరలేదు. ఇతరత్ర దోషమనిపించుకొను పొరలిపోవుట ఇచ్చట గుణమైనది.

తొలినాటి చౌక స్మార్ట్‌ఫోనులలో కొన్నింటికి కూడ భిన్నసంఖ్యల విభాగము లేదు. 386 పేదరికమునకై కనిపెట్టిన ఉపాయము ఈ ఫోనులకు అట్లే అక్కరకు వచ్చెను. అదే సంస్థ 1996 జూన్‌లో విడుదల చేసిన క్వేక్ ఆటతో పోల్చినచో ఈ భేదము స్పష్టమగును. క్వేక్ పెంటియమ్ ప్రాసెసరును నమ్ముకొని వ్రాసినది. భిన్నసంఖ్యలను విచ్చలవిడిగా వాడును. వంకర గోడమీద బొమ్మ సరిగా కనబడుటకు చుక్క చుక్కకు ఒక భాగహారము కావలెను; క్వేక్ 16 చుక్కలకు ఒకసారి మాత్రము భాగించును. పెంటియమ్‌లో ఆ భాగహారము ఒక విభాగమున సాగుచుండగా మరొక విభాగము ఆ లోపల 16 చుక్కలు గీసివేయును. భిన్నవిభాగము లేని ఫోనులో ఈ ఉపాయము తలక్రిందులగును. ఒక్కొక్క భిన్నగణనకు పదుల కొలది పూర్ణసంఖ్యాదేశములు ఖర్చగును. క్వేక్ మూలపాఠము 1999 డిసెంబరులో వెలువడినను, అట్టి ఫోనులలో డూమ్ పరుగెత్తును, క్వేక్ ప్రాకును.

దగ్గరది ముందు, దూరమున్నది వెనుక

గోడలు గీయుటలో కూడ పొదుపు కలదు. డూమ్ గోడలన్నియు నిట్టనిలువుగా, నేలలన్నియు సమతలముగా ఉండును. ఒక గదిమీద మరొక గది ఉండదు. నిలువు గోడలో ఒక నిలువు చారలోని చుక్కలన్నియు ఆటగానికి ఒకే లోతున ఉండును. కనుక లోతు లెక్క చుక్కకు ఒకసారి కాక చారకు ఒకసారి చేసిన సరిపోవును. నేలకు ఇదే న్యాయము అడ్డుచారలకు వర్తించును.

ఏ గోడ ముందున్నది, ఏది వెనుక నున్నది అను నిర్ణయము ఇంకొక సమస్య. చిత్రకారుడు దూరపు కొండను ముందు వేసి, దానిమీద దగ్గరి చెట్టును వేయును. కొండలో కొంత వృథా. డూమ్‌లో ఈ వృథాకు తావులేదు. హెన్రీ ఫుక్స్, జ్వి కెడెమ్, బ్రూస్ నేలర్ 1980లో ప్రచురించిన ఒక పద్ధతిని కార్మాక్ తీసికొనెను. పటమును ఒక గీతతో రెండుగా కోయుదురు. ఒక్కొక్క ముక్కను మరల రెండుగా కోయుదురు. ఇట్లు చిన్న ముక్కలగువరకు. ఆటగాడు గీతకు ఏ వైపున ఉన్నాడో ఆ వైపు గోడలను ఆవలి వైపు గోడలు ఎన్నడును కప్పజాలవు. కావున తన వైపు ముక్కను ముందు, ఆవలి ముక్కను తరువాత చూచుకొనుచు పోయినచో గోడలు దగ్గరి నుండి దూరమునకు వరుసగా వచ్చును. మూసిన చారలను గుర్తుంచుకొని, వాని వెనుక గోడలను అసలు గీయరు. 320 చారలును మూతపడిన వెంటనే పని ముగియును. ముఖ్యమైన సంగతి ఏమనగా, ఈ కోతలన్నియు ఆట తయారగునప్పుడే చేసి వాడ్ ఫైలులో వ్రాసియుంచిరి. ఆ ఫలితమును ఫోను ఊరక చదువుకొనును.

తెర, వ్రేళ్లు, వేడి

320, 200 చుక్కల చిత్రము ఆనాటి గాజుతెరమీద 4కు 3 నిష్పత్తిలో కనబడెడిది. అనగా ఒక్కొక్క చుక్క వెడల్పుకన్న ఎత్తు 1.2 రెట్లు ఎక్కువ. ఫోనుతెర చుక్కలు చతురస్రములు. ఉన్నదున్నట్లు పెద్దది చేసినచో మనుష్యులు పొట్టిగా, లావుగా కనబడుదురు. 800, 480 తెరమీద సరియైన కొలత 640, 480. ఎత్తు నిండుగ సరిపోవును. వెడల్పులో మిగులునది 160, ప్రక్కకు 80 చుక్కల చొప్పున. రెండు బొటనవ్రేళ్ల మీటలకు ఈ రెండు పట్టీలు సరిపోవుట కాకతాళీయమే కాని సౌకర్యముగా ఉన్నది.

డాస్ ఆటలో బాణపు మీటలతో నడక, కంట్రోలు మీటతో కాల్పు, స్పేసు మీటతో తలుపు తెరచుట. గాజుమీద వ్రేలికి మీట అంచు తెలియదు. అందుచేత క్రొత్తవారు తరచు తప్పుచోట నొక్కుదురు. అయినను డూమ్‌లో గురి పైకి క్రిందికి చూచుకొనవలసిన పని లేదు. శత్రువు ఎదురుగా నిలిచిన చాలును. ఎత్తుపల్లములను ప్రోగ్రామే సరిచేయును. పైకి, క్రిందికి మౌసుతో గురిచూడవలసిన తరువాతి ఆటలు బొటనవ్రేళ్లకు ఇంత సులభముగా లొంగవు. బ్లూటూత్ కీబోర్డు ఉన్నవారికి ఈ బాధ లేదు.

ఫోనుకు ఫంకా లేదు. ప్రాసెసరు ఊరకే ఎక్కువ పని చేసినచో వేడెక్కి, తన్ను కాపాడుకొనుటకు తానే వేగము తగ్గించుకొనును. ఆట లోకము సెకనుకు 35 సార్లే కదలుచుండగా తెరను 60 సార్లు గీయుట పాత ఫోనులో దండుగ. 35 దగ్గర ఆపి, మిగిలిన కాలము ప్రాసెసరును నిద్రింపజేయు ఏర్పాటు గల యాప్‌ను ఎన్నుకొనుట మేలు.

ఏ యాప్ వాడినను వాడ్ ఫైలు విషయమున ఒక హెచ్చరిక అవసరము. ఉచితముగా ఇచ్చినది మూలపాఠము, మొదటి భాగపు వాడ్ మాత్రమే. పూర్తి ఆట వాడ్ ఫైలు ఇప్పటికిని అమ్మకపు వస్తువే. కొనని పాఠశాలకు ఫ్రీడూమ్ అను ఉద్యమమువారు తయారుచేసిన స్వేచ్ఛా వాడ్ ఫైలు కలదు. బొమ్మలు, చప్పుళ్లు, పటములు అన్నియు క్రొత్తవి. రెండింటిలోను కాల్పులు, నెత్తురు తప్పవు గనుక చిన్న తరగతులకు ఆటకన్న బైట్ల లెక్కయే తగును.

ముప్పది రెండు, అరువది నాలుగు

పాత ఫోను నయమనిపించు సందర్భము కూడ ఒకటి కలదు. డూమ్ మూలపాఠము వ్రాసిననాడు స్మృతిలోని చిరునామా 4 బైట్లు, సామాన్యసంఖ్య 4 బైట్లు. ఒకదాని అరలో మరొకటి దాచినను నష్టము లేకుండెను. పాఠములో కొన్నిచోట్ల అట్లే చేసిరి. 64 బిట్ల ఫోనులో చిరునామా 8 బైట్లు. సగము తెగిపోయిన చిరునామాతో ప్రోగ్రాము ఎక్కడికో పోయి పడిపోవును. మార్చువారు ఆ చోట్లన్నియు వెదకి సరిచేయవలసివచ్చెను. మూలపాఠము ఉన్నది గనుక సరిచేయగలిగిరి. 32 బిట్లకు కట్టిన ఆట యాప్‌లు ఎన్నో అట్లు సరిచేయువారు లేక నిలిచిపోయెను. 2022 నుండి వచ్చిన కొన్ని ఫోనులు 32 బిట్ల యాప్‌లను అసలే నడపవు. అవి నడచుటకు సొరుగులోని ఫోనే శరణ్యము.

మూలపాఠము లేకపోయినచో ఏమగునో డూమ్ బంధువైన ఒక ఆట చరిత్ర తెలుపును. స్ట్రైఫ్ అను ఆటను రోగ్ ఎంటర్‌టైన్‌మెంట్ అను సంస్థ డూమ్ యంత్రాంగముమీదనే కట్టి 1996లో విడుదల చేసెను. ఆ సంస్థ తరువాత మూతపడినది. స్ట్రైఫ్ మూలపాఠము పోయినది. మిగిలినది డాస్ ప్రోగ్రాము ఫైలు ఒక్కటే. దుబాసీ పద్ధతిలో తప్ప మరొక విధముగా ఆడుటకు వీలులేకపోయెను. కొందరు ఔత్సాహికులు ఆ ఫైలులోని యంత్రాదేశములను విప్పి చదువుచు, డూమ్ మూలపాఠమును ప్రక్కన పెట్టుకొని ఏది డూమ్‌ది, ఏది క్రొత్తగా చేర్చినది అని పోల్చుచు, పోయిన భాగమును మరల సి భాషలో వ్రాసిరి. 2013 చివర అది చాకొలెట్ డూమ్ అను ప్రోగ్రాములో భాగముగా వెలువడెను. 2014లో ఆ పనినే ఆధారముగా చేసికొని స్ట్రైఫ్ మరల అమ్మకమునకు వచ్చెను.